స్టోర్ దాటని డ్రాగన్లు

ఈ రోజు మా బావకు డ్రాగన్లు, సిపాయిలు యుద్ధం చేసే కార్డుల ఆట నేర్పించాను. ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్. ఆయన కార్డుల కట్ట నిండా డ్రాగన్లే ఉంటే, సగం తీసేసి, మొదట్లోనే దించగల సిపాయిలను చేర్చాను. అయినా ఓడిపోయాడు. చూస్తే చేతిలో మూడు డ్రాగన్లు అలాగే ఉన్నాయి.

"ఇవెందుకు దించలే బావా?" అని అడిగాను.

"సిపాయి ఇంక పనిచేస్తుండు గద బామ్మర్దీ. పాతది ఖరాబై వాపస్ రాకుంట కొత్తది ఎట్ల ఇస్త?"

రెండో ఆటలో ఆయన సిపాయిని నేనే చంపాను. బావ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి, అప్పుడు తృప్తిగా డ్రాగన్‌ను దించాడు. నేను ఓడిపోయాను. నయం, డ్రాగన్ అందినట్టు నా చేత సంతకం పెట్టించుకోలేదు.

మీ ఇళ్లలోనూ ఇలా ఇంటికొచ్చినా డ్యూటీ దిగని వాళ్లున్నారా?