గాలికి డబ్బు కట్టని మనిషి

వీరరాఘవరావుకి ఒకే ఒక్క పట్టుదల. ఏమైనా సరే, షిప్పింగ్ చార్జీ కట్టడు. వస్తువుకి అడిగినంత ఇస్తాడు, బేరం కూడా పెద్దగా ఆడడు. కానీ ఆ వస్తువు అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి ఇంకో పది దిర్హాములు అవుతుందన్నారంటే చాలు, ఆయన ముక్కుపుటాలు అదురుతాయి.

ఇలాంటి మనిషి ఏ లెక్కల మాస్టారో అయివుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన చేసేది దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో, కార్గో కంపెనీలో. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఊళ్లోవాళ్లందరికీ షిప్పింగ్ బిల్లులు వేసేది సాక్షాత్తూ ఆయనే.

"పొద్దస్తమానం ఊరందరి దగ్గరా వసూలు చేస్తారు కదా, మనం కడితే ఏం పోయింది?" అని భార్య కాత్యాయని ఒకసారి అడిగింది.

"వసూలు చేస్తున్నాను కాబట్టే తెలుసు," అన్నాడాయన. "సైకిల్ బరువు పద్నాలుగు కిలోలు. అదే సైకిల్ పెట్టెలో పెడితే, పెట్టె ఆక్రమించిన చోటు కూడా కొలిచి, ముప్పై ఎనిమిది కిలోలని బిల్లు వేస్తాం. ఆ మిగతా ఇరవై నాలుగు కిలోలు ఏంటి? గాలి! గాలికి డబ్బులా?"

ఈ 'గాలికి డబ్బులా?' అన్న మాట ఆ ఇంట్లో రోజుకి నాలుగుసార్లు వినపడుతుంది. చిప్స్ పొట్లం విప్పినా అదే మాట. పూరీ పొంగినా అదే మాట.

బర్ దుబాయ్ నుంచి షార్జాలోని అల్ నహ్దాకి ఇల్లు మారినప్పుడు లారీవాడు మూడొందలు అడిగాడు. రాఘవరావు లారీ వద్దన్నాడు. ఆఫీసులో పక్క సీటు మూర్తికి చిన్న కారుంది. ఆ కారులో సామానంతా పదిహేడు ట్రిప్పుల్లో చేరింది. మంచం కాళ్లు కిటికీలోంచి బయటికి పెట్టుకుని, మూర్తి ఒళ్లో గ్రైండరు పెట్టుకుని నడిపాడు. ఆ తర్వాత చాలా నెలలు సెలవురోజున రాఘవరావు ఫోన్ చేస్తే మూర్తి భార్య ఎత్తి, "ఆయన ఊళ్లో లేరండీ," అనేది. వెనకాల మూర్తి దగ్గు వినిపిస్తూనే ఉండేది.

ఇక సైకిళ్ల సంగతి. రెండువేల అయిదులో ఇంటికి కంప్యూటరూ ఇంటర్నెట్టూ వచ్చాయి. పాత సామాను అమ్ముకునే వెబ్‌సైటొకటి ఆయన కంట పడింది. జుమేరాలో ఎవరో దొరసాని యాభై దిర్హాములకు సైకిల్ అమ్ముతోంది, ఇంటికి పంపాలంటే ఇంకో నలభై. రాఘవరావు వెళ్లి యాభై ఇచ్చి, జూన్ నెల మధ్యాహ్నం, సందులన్నీ తిరిగి నాలుగున్నర గంటలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాడు. తలుపు తీసిన కాత్యాయనికి వంకాయలా కమిలిపోయిన మొహం కనపడింది.

"ఎవరు కావాలండీ?" అంది.

"నేనేనే!" అన్నాడాయన, గోడకి జారగిలబడుతూ. "నలభై మిగిలాయి."

మర్నాటి నుంచి మూడ్రోజులు సెలవు పెట్టి పడుకున్నాడు.

అప్పట్నుంచీ అదే వ్యసనం. పాత సైకిల్ కొనడం, బాల్కనీలో విప్పి నూనె పెట్టి బిగించడం, మళ్లీ అదే వెబ్‌సైటులో అమ్మడం. బట్టలారేసే తాడు మీద చైన్లు వేలాడేవి. కాత్యాయని ఆవకాయ జాడీ పక్కనే గ్రీజు డబ్బా. అమ్మిన సైకిల్‌ని మళ్లీ ముక్కలుగా విప్పి, గోనెసంచిలో కట్టుకుని, శుక్రవారం శుక్రవారం తనే మోసుకుపోయి ఇచ్చొచ్చేవాడు. ఆ సంచితో ఏ బస్సులు మారుతున్నాడో, ఏ కండక్టరు చేత తిట్లు తింటున్నాడో అని ఆవిడ బాధ. దానికితోడు ఆవిడ పాతచీరలు రెండు కనిపించకుండా పోయాయి.

"గాలికి ఎగిరిపోయుంటాయి," అన్నాడాయన. ఉండేది ఆరో అంతస్తు కదా అని ఆవిడ నమ్మింది.

రెండువేల ఏడు చలికాలంలో, ఒక ఆదివారం సాయంత్రం, పీరా అనే అతను ఫోన్ చేశాడు. నెల్లూరు దగ్గరివాడు. రూములో ఎవరో ఇంటర్నెట్టులో ప్రకటన చూసి చెప్పారట.

"సార్, ఆ ఎనభై దిర్హాముల సైకిల్ నాకే ఇయ్యండి సార్," అన్నాడు. "తోటల్లో మోటార్లేసి ఆపే పని ఒకటుండాది. అయిదు తోటలు, ఒకదానికీ ఇంకోదానికీ మూడు కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం అయిదుకి ముదీర్, అదే మేనేజరు, వస్తాడు. సైకిలుంటే పని నాకు, లేదంటే ఇంకొకడికి. బిల్డింగు పనికి నా మోకాలు మెట్లెక్కనీడం లేదు సార్. ఇది పోతే ఊరికి పంపించేస్తారు."

"తప్పకుండా ఇస్తానయ్యా."

"కొరియర్‌లో పంపితే ఎంతవుతాది సార్?"

"తొంభై అయిదు అంటాడు."

"సైకిలే ఎనభై కదా సార్," అన్నాడు పీరా, నీరసంగా.

"గాలికి డబ్బులా? ఆ ఊసెత్తకు!" రాఘవరావు గొంతు వంటింట్లోకి ఖంగున వినిపించింది. "సైకిల్ నీ దగ్గరికొస్తుంది. అడ్రసు చెప్పు."

పీరా చెప్పిన అడ్రసు రాసుకున్నాక చూస్తే అది దుబాయ్ పోస్టు బాక్సు నంబరు. ఈ దేశంలో ఉత్తరాలు ఇంటికి రావు. కంపెనీకో పోస్టు బాక్సు, అందులో పడినవన్నీ కంపెనీ మనిషి ఎప్పుడో వచ్చి ఏరుకుపోతాడు. ఊళ్లో పీరా భార్య ఉత్తరం రాసేది ఆ నంబరుకే. కాబట్టి పీరా దృష్టిలో తను ఉంటున్నది ఆ పెట్టెలోనే. అడుగుదామని మళ్లీ ఫోన్ చేస్తే, కార్డు గడువు అయిపోయి ఫోన్ పనిచేయడం లేదు.

"ఇంకేం, ఆ పెట్టెలో పడేసి రండి," అంది కాత్యాయని. "బెల్లు వరకూ పడుతుంది."

"పెట్టె తెరవడానికి ఎవడో ఒకడు రావాలిగా," అన్నాడు రాఘవరావు.

సోమ, మంగళ, బుధ, మూడు సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా పోస్టాఫీసుకి వెళ్లి, ఆ పెట్టె కింద కాపలా కూర్చున్నాడు. రెండోరోజు అక్కడి సెక్యూరిటీ మనిషి వచ్చి ఏం పోగొట్టుకున్నావని అడిగాడు. మూడోరోజు కుర్చీ వేశాడు. గురువారం అర్ధరోజు సెలవు పెట్టి మరీ వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి ఒకాయన వచ్చి తాళం తిప్పాడు. రాఘవరావు ఆయన చెయ్యి రెండు చేతులా పట్టేసుకున్నాడు. దొంగ అనుకుని ఆయన అరిచిన అరుపులు సద్దుమణిగాక, పీరా ఉండే కూలీల క్యాంపు ఉమ్ అల్ కువైన్ అవతల ఉందని తేలింది.

శుక్రవారం భోజనాలయ్యాక రాఘవరావు గోనెసంచి భుజానికెత్తుకున్నాడు. కాత్యాయని చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెక్కడికి?"

"మీతోనే. ఏ బస్సులో మోసుకుపోతారో నేనూ చూస్తాను."

"నీకెందుకే ఎండలో..."

"చలికాలమండీ."

ఇద్దరూ కిందికి దిగారు. మెట్ల ముందు ఒక టాక్సీ ఆగి ఉంది. పఠాన్ డ్రైవరు దిగి, ప్రతి శుక్రవారం వచ్చే బేరమే అన్నట్టు చనువుగా సంచి అందుకుని, ఖాళీగా ఉంచిన డిక్కీ తెరిచాడు.

"ఆయియే రావ్ సాబ్! ఆజ్ కిధర్? డిక్కీ ఖాలీ రఖా హై."

కాత్యాయని మొగుణ్ణి చూసింది. మొగుడు ఆకాశాన్ని చూశాడు. దారంతా ఆవిడ మీటరు మీంచి చూపు తిప్పలేదు. క్యాంపు ముందు ఆగేసరికి అది తొంభై రెండు చూపించింది.

"ఎనభై దిర్హాముల సైకిల్ అమ్మడానికి తొంభై రెండు టాక్సీకా?" అంది నెమ్మదిగా. నెమ్మదిగా అన్నదంటే చాలా కోపంగా ఉన్నట్టు.

"ముందు టైము చూడు. నాలుగూ నలభై," అని ఆయన సంచి ఈడ్చుకుంటూ పరుగెత్తాడు.

వెనకే వెళ్లిన కాత్యాయని గోడ దగ్గర ఆగిపోయింది. అక్కడ వరసగా ఆరు సైకిళ్లున్నాయి. ఆరింటి హ్యాండిళ్లకీ చేతులు జారకుండా గుడ్డపట్టీలు ఒద్దికగా చుట్టి ఉన్నాయి. మూడింటికి వంకాయరంగు, మూడింటికి చిలకాకుపచ్చ.

"ఇవి నా చీరలు!"

"మీవా అమ్మా?" పక్కనున్న ఒకతను నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "ఎండకి ఇనుము కాలిపోతాదని సారు చుట్టిచ్చినారు. మేం వేరే క్యాంపులోళ్లం, శుక్రవారం ఇక్కడ కలుస్తాం. అన్నీ సారు తెచ్చిచ్చినవే. మా కాడ కొరియర్ డబ్బులు ఒక్క దిర్హాం తీసుకోలేదు."

ఆవిడ ఆరు సైకిళ్లూ తడిమి చూసేసరికి అయిదైంది, జీపు వచ్చింది. ముదీర్ దిగి, తొక్కి చూపించమన్నట్టు చెయ్యి ఊపి, "యల్లా, పీరా! సైకిల్ చలావ్!" అన్నాడు.

పీరా పొట్టివాడు. బిగించడం అప్పుడే పూర్తయిన సైకిలెక్కితే కాళ్లు పెడళ్లకి అందలేదు. నాలుగు గజాలు వంకరటింకరగా పోయి పడబోయాడు. ముదీర్ ఇక పని లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, "ఖలాస్," అని జీపు వైపు తిరిగాడు.

"దో మినిట్!" రాఘవరావు వెళ్లి జీపు ముందు నిలబడ్డాడు. కదిలేలా కనపడలేదు. ముదీర్ వాచీ చూసుకున్నాడు.

రాఘవరావు జేబులోంచి టేపు తీసి పీరా కాలు కొలిచాడు. సీటు రెండంగుళాలు దించాలి. బోల్టు పట్టేసింది, తిరగడం లేదు. ఆయన మొహం మళ్లీ జూన్ నెల రంగుకొచ్చింది.

"మీరు పానా తిప్పండి, సైకిల్ నేను పట్టుకుంటా," అంటూ కాత్యాయని కొంగు దోపుకుని, హ్యాండిల్ని రెండు చేతులా బిగించి పట్టింది. కీచుమని బోల్టు కదిలింది. సీటు దిగింది.

పీరా ఎక్కాడు. క్యాంపు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టు ఎవరూ అడగలేదు, బెల్లు మోగించుకుంటూ తనే తిరిగాడు. ముదీర్ మీసాల చాటున నవ్వి, "తమామ్. సుబహ్ చార్ బజే," అన్నాడు. పని పీరాదే, పొద్దున్న నాలుగింటి నుంచి.

పీరా సైకిల్ దిగి వచ్చి కాత్యాయనికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ ఏం చెయ్యాలో తోచక హ్యాండిల్ తుడిచింది.

చాయ్ తాగుతుంటే అడిగింది. "ఆ తొంభై అయిదు మీరే కట్టి కొరియర్‌లో పంపించొచ్చుగా? మూడు ఎక్కువ, అంతేగా."

"పంపిస్తే పెట్టె పడేసి సంతకం పెట్టించుకుపోతాడు. ఆ రెండంగుళాలు ఎవడు దించుతాడే?" అన్నాడు రాఘవరావు. తర్వాత కొంచెం సిగ్గుపడి, "పైగా గాలికి..." అంటుండగానే ఆవిడ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన మీద ఇంత ప్రేమ కలిగి చాలా కాలమైందని ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

తిరిగొచ్చేటప్పుడు షేర్ వ్యానెక్కారు. క్యాంపులో ఎవరో వదిలేసుకున్న విరిగిన సైకిలొకటి రాఘవరావు చేతిలో ఉంది, బాగుచేసి ఇస్తానని. డ్రైవరు దాన్ని చూసి, "సామాన్ కా పాంచ్ దిర్హమ్ అలగ్," అన్నాడు. సామానుకి అయిదు అదనమట.

రాఘవరావు నోరు తెరిచాడు.

"గాలికి డబ్బులా?" అంది కాత్యాయని, ఆయనకంటే ముందు. "విప్పండి దాన్ని!"

డ్రైవరు బిత్తరపోయి చూస్తుండగా సైకిల్ ముక్కలైంది. ముందుచక్రం ఆవిడ ఒళ్లో, వెనకచక్రం ఆయన ఒళ్లో, మిగతాది ఇద్దరి కాళ్ల మధ్య. వ్యాను కదిలాక ఆవిడ ఆ బోసి హ్యాండిల్ని చేత్తో తడిమి చూసింది. అల్ నహ్దా వచ్చేలోపు దానికి ఏ చీర చింపాలో తేల్చేసుకుంది.