బిజిలీ మీద కోరా బట్ట

గుర్రం కోసం ఎవరు వచ్చినా కోరుట్ల లీల ముందుగా ముహూర్తం అడిగేది కాదు. "పిలగాని బట్టలు ఏ రంగు?" అని అడిగేది. తెలియదంటే, "తెలుసుకొని రాండ్రి. చిన్న ముక్క దొరికితె పట్టుకరాండ్రి" అని పంపించేసేది. పెండ్లికొడుకు షేర్వాణీకీ గుర్రానికీ ఏం సంబంధమో వచ్చినవాళ్లకు అర్థమయ్యేది కాదు. కొందరు కోపం చేసుకునేవాళ్లు కూడా. బరాత్ ఊరేగింపు రోజున గుర్రం వీధిలోకి వచ్చాక ఆ కోపం ఉండేది కాదు.

లీల తండ్రి దావీదు తోలు పని చేసేవాడు. బస్టాండు ముందు టాంగాలు వరుసగా నిలబడిన కాలంలో ఆ గుర్రాల కళ్లేలు, పగ్గాలు, మెడపట్టీలు అన్నీ ఆయన చేతుల్లో తయారైనవే. పదేళ్లకే లీల రెండు సూదులతో తోలు కుట్టడం నేర్చుకుంది. సాయంత్రాలు టాంగా గుర్రాలను వాగుకు తీసుకెళ్లి కడగడం కూడా ఆమె పనే. జీను లేకుండా ఒకదాని మీద ఎక్కి, ఇంకోదాని పగ్గం పట్టుకుని పోయేది. తర్వాత ఆటోలు వచ్చాయి. టాంగాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఆఖరి టాంగా నడిపిన ముసలాయన కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ తన ఆడగుర్రప్పిల్లను దావీదు వాకిట్లో కట్టేసి వెళ్లాడు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, నల్లటి జూలు, నుదుటి మీద రూపాయంత తెల్ల మచ్చ. దాని పేరు బిజిలీ.

దాన్ని బరాత్‌లకు తిప్పుదామన్నది లీల భర్త ఆనంద్ ఆలోచన. కానీ పెండ్లివాళ్లందరికీ తెల్లగుర్రమే కావాలి. తెల్లది దొరకనివాళ్లు మాత్రమే బిజిలీని అడిగేవాళ్లు. మొదటి ఏడాది ఒక పెండ్లికి మెరూన్ షేర్వాణీ వేసుకున్న పిలగాడు ఎక్కాడు. గుర్రం మీద ఎవరి దగ్గరో తెచ్చిన పాత ఎర్ర మఖ్మల్ గుడ్డ కప్పారు. తర్వాత ఆ ఇంటివాళ్లు ఆల్బమ్ చూపిస్తే లీల చాలాసేపు చూసింది. ఎరుపు, మెరూన్, గోధుమ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెండ్లికొడుకు ముఖం తప్ప ఏమీ తెలియడం లేదు.

"గుర్రానిది తప్పు గాదు బాపు. మనం కప్పిన గుడ్డది తప్పు" అని ఇంటికి వచ్చి తండ్రితో చెప్పింది.

చర్చివాళ్ల కుట్టు సెంటర్‌లో నేర్చుకున్న పని ఆమెకు అక్కడ అక్కరకు వచ్చింది. టైలర్ల దగ్గర మిగిలిన ముక్కలు ఏరుకొచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఎండ వాలాక ఒకసారి బిజిలీ వీపు మీద పరిచి దూరం నుంచి చూసేది. ఎరుపు ఆ ఒంటి మీద మునిగిపోతుంది. చిలకాకుపచ్చ నిలుస్తుంది. లేత నీలం పగలు బాగుంటుంది కానీ బరాత్ లైట్లలో వెలిసిపోతుంది. ఇవన్నీ ఆమె ఎవరినీ అడగకుండా కనిపెట్టుకుంది. జీను కింది గుడ్డ పిలగాని బట్టలకు జోడీగా ఉండాలి, కానీ ఒక ఛాయ తేలికగా ఉండాలి. గుర్రాన్ని నడిపించే ఆనంద్ తలపాగాకు ఆ గుడ్డ అంచు రంగు. పగ్గాల తోలు, పిలగాని బూట్లు ఒకే రంగు. అన్నీ కలిపి మూడు రంగులు దాటకూడదు. పెండ్లికొడుకు అమ్మ వచ్చి ఇంకాస్త మెరుపు పెట్టమంటే, "మెరుపు పిలగాని ముఖం మీద ఉంటది, చాలు" అనేది. నాలుగేళ్లు తిరిగేసరికి మెట్‌పల్లి నుంచి, రాయికల్ నుంచి వచ్చినవాళ్లు "ఆ గోధుమ గుర్రమే కావాలె" అని అడగడం మొదలుపెట్టారు.

రెండువేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు గనుల్లో కూడా పని ఆగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియడం లేదు. ముహూర్తాలు లేని రోజులు. లీల పాత పట్టీలకు నూనె పెట్టుకుంటూ కూర్చున్న పొద్దున జగిత్యాల నుంచి రాజమౌళి సార్ బండి మీద వచ్చాడు. ఆయన లెక్కల పంతులు. సమ్మెలో ఉన్నాడు, ఉద్యమం నడిపే జేఏసీలో తిరుగుతున్నాడు.

"బతుకమ్మలు పట్టుకొని ఆడోళ్ల ర్యాలీ తీస్తున్నం లీలమ్మా. వెయ్యిమంది అస్తరు. అందరి ముందట గుర్రం మీద రాణి లెక్క ఒక ఆడపిల్ల ఉండాలె. నీ గుర్రం కావాలె" అన్నాడు.

"అస్తది సార్. ఎక్కే పిల్ల ఎవరు?"

"డిగ్రీ చదువుతది, సౌమ్య అని. రాణి డ్రెస్సు నాటకాలోళ్ల దగ్గర చెప్పి పెట్టినం."

"డ్రెస్సు నేను కుడ్త. గుర్రానికి ఏం కట్టాల్నో గది గూడ నేనే చూస్త" అంది లీల. రాజమౌళి సార్ సరేనన్నాడు.

ఆ సంగతి బయటికి పొక్కింది. రెండో రోజు గులాబీ కండువాలవాళ్లు గులాబీ బట్ట తెచ్చి అరుగు మీద పెట్టారు. మధ్యాహ్నం ఎర్రజెండావాళ్లు ఎర్ర బట్ట తెచ్చారు. సాయంత్రానికి నీలం, కాషాయం కూడా వచ్చాయి. ఎవరికి వాళ్లు గుర్రం మీద తమ రంగే ఉండాలన్నారు. అన్నీ కలిపి కుట్టమని ఒకాయన మధ్యేమార్గం చెప్పాడు.

"అన్నీ కలిపితె గుర్రం బట్టల దుకాణం లెక్క కనబడ్తది" అని లీల నాలుగు బట్టలూ మడతపెట్టి ఎవరిది వాళ్ల చేతికి ఇచ్చేసింది. "మీ రంగులు మీ భుజాల మీద ఉన్నయి గదా. గుర్రం సంగతి నాకు ఇడువుండ్రి."

ఇచ్చేసింది కానీ ఏం కట్టాలో ఆమెకూ తెలియదు. పసుపు అందామంటే అదీ ఒక పార్టీదే. ఆకుపచ్చా అంతే. ఏ రంగు తలచుకున్నా దాని వెనక ఒక జెండా ఉంది. అప్పటికి డెబ్బై దాటిన దావీదు చేతులు వణుకుతున్నా కొత్త పగ్గాల కోసం తోలు కోస్తున్నాడు. రంగు పెట్టని తోలు. మధ్యాహ్నం నుంచి బిడ్డ అవస్థ చూస్తున్నాడు.

"గిది ఏ పార్టీది గాదు బిడ్డా. దీనికి ఇంకా ఎవ్వలు రంగెయ్యలే" అని ఆ తోలు పట్టీ ఎత్తి చూపించి నవ్వాడు.

లీల ఆ పట్టీని తీసుకెళ్లి బిజిలీ మెడ మీద ఆనించి చూసింది. ముదురు ఒంటి మీద ఆ లేత రంగు ఎంత దూరం నుంచి చూసినా తెలుస్తోంది. తోలులాగే రంగు వేయని బట్ట ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. లోపల వేసే అస్తర్ల కోసం సిరిసిల్లలో మగ్గాలు నడిపే ఎల్లేశం దగ్గర బట్ట కొనడం ఆమెకు అలవాటే.

మర్నాడు ఆనంద్ బండి మీద ఇద్దరూ బయలుదేరారు. బస్సులు లేక, గుడికి వచ్చేవాళ్లు లేక దారిలో వేములవాడ బోసిగా ఉంది. లాడ్జిల ముందు కుర్చీలు వేసుకుని పనివాళ్లు పేపర్లు చదువుకుంటున్నారు. సిరిసిల్ల చేరేసరికి కరెంటు లేదు. ఎప్పుడూ మరమగ్గాల మోతతో మాట వినపడని గల్లీలో పిట్టల చప్పుడు వినిపిస్తోంది. ఎల్లేశం మగ్గాల షెడ్డు ముందు ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

"కోరా బట్ట కావాలె అన్నా. చలువ చెయ్యనిది, రంగెయ్యనిది. నూలుది. జర మందంగ ఉండాలె" అంది లీల.

"దేనికి చెల్లె, అస్తరుకా?"

"కాదు, మీదికే. జగిత్యాల ర్యాలీల గుర్రానికి, పిల్లకు."

ఎల్లేశం లోపలి నుంచి తాను తెచ్చి ఆమె ముందు పరిచాడు. "ముప్పై ఏండ్ల సంది గీ బట్టనే నేస్తున్న. ఈడికెళ్లి పోయినంక రంగేస్తరు. ఇగ అది నేను నేసిందని ఎవ్వలకు తెల్వదు. ఉన్నది ఉన్నట్టు కట్టుకుంటమన్నోళ్లల్ల నిన్నే మొదలు చూస్తున్న" అన్నాడు.

తానులో ఉన్నది చాలలేదు. ఇంకా నాలుగు గజాలు మగ్గం మీద నేయాల్సి ఉంది. రెండు గంటలు ఎదురుచూశాక కరెంటు వచ్చింది. ఎల్లేశం లేచి మగ్గం నడిపాడు. మళ్లీ పోయేలోపు ఆ నాలుగు గజాలూ పూర్తయ్యాయి. వెన్న రంగులో ఉన్న ఆ బట్టను మగ్గం వేడి తగ్గకముందే కోసి ఆమె చేతిలో పెట్టాడు.

కొలతల కోసం సౌమ్య తమ్ముని బండి మీద కోరుట్లకు వచ్చింది. సన్నటి పిల్ల, గొంతు చిన్నది. నాటకాలవాళ్ల డ్రెస్సు కూడా వెంట తెచ్చింది. ఎర్ర మఖ్మల్, జరీ, అట్టకిరీటం. లీల దాన్ని వేళ్లతో పట్టుకుని చూసి పక్కన పెట్టింది.

"ఎండల గిది ఏసుకొని ఎక్కితె అర్ధగంటల జారుతవు. గుర్రం మీద కూసునేటోళ్ల బట్ట ముందుగాల కూసోనియ్యాలె. అందం తర్వాత."

ఆమె కుట్టింది మోకాళ్ల దాకా వచ్చే చొక్కా, రెండు పక్కలా పొడుగ్గా కోతలు, పిక్కల దగ్గర బిగుతైన పాజామా. జీనుకు రాసుకునే చోట లోపలివైపు దావీదు మెత్తటి తోలు వేశాడు. చొక్కా అంచుకు, జీను కింది గుడ్డ అంచుకు ఒకే వెడల్పున గోధుమ రంగు పట్టీ. ఆ గోధుమ రంగు బిజిలీ ఒంటి నుంచి తీసుకున్నదే. గుర్రం మెడకు గునుగు పూల దండ. వేరే ఏదీ లేదు. రెండు పొద్దులు సౌమ్యను వాగు ఒడ్డున ఎక్కించి తిప్పింది. మొదటి రోజు సౌమ్య జీను పట్టుకుని కళ్లు మూసుకుంది. రెండో రోజు కళ్లు తెరిచే ఉంది.

ర్యాలీ రోజున గుర్రాన్ని జగిత్యాలకు తీసుకెళ్లడానికి వ్యాన్ దొరకలేదు. రోడ్ల మీద అడుగడుగునా రాస్తారోకోలు. "నేనే ఎక్కి పోత" అంది లీల. ఆనంద్ సామానంతా బండికి కట్టుకుని ముందు వెళ్లాడు. తెల్లవారగానే లీల తన పాత నల్ల సల్వార్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి బిజిలీని ఎక్కింది. పెండ్లయ్యాక అంత దూరం గుర్రం మీద పోవడం అదే మొదలు. ఖాళీ రోడ్డు. రెండు వైపులా పొట్టకొచ్చిన వరి. మేడిపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టి కూర్చున్నవాళ్లు గుర్రాన్ని చూసి లేచి దారి ఇచ్చారు. ఒకామె బకెట్‌తో నీళ్లు తెచ్చి బిజిలీ ముందు పెట్టి, "ఎటు పోతున్నవ్ చెల్లె?" అని అడిగింది.

"జగిత్యాల. మా గుర్రం ర్యాలీల ముందట నడుస్తది" అంది లీల. ఆ మాట చెప్పినప్పుడు తన గొంతులో ఎంత గర్వం ఉందో తనకే వినపడింది.

జగిత్యాల గడియారం టవర్ దగ్గరికి చేరేసరికి వీధంతా ఆడవాళ్లు, బతుకమ్మలు. లీల గుర్రానికి చెమట తుడిచి, కోరా గుడ్డ పరిచి, కొత్త పగ్గాలు బిగించి సౌమ్యను ఎక్కించింది. రాజమౌళి సార్ దూరంగా నిలబడి చూశాడు. ఆయన ముఖంలో కొంచెం నిరాశ కనపడింది.

"మరీ సాదాగ ఉన్నట్టున్నది గదా లీలమ్మా" అన్నాడు.

"జర ఎనుకకు పోయి చూడుండ్రి సార్" అంది లీల.

ఆయన ఇరవై అడుగులు వెనక్కి నడిచాడు. గులాబీ, ఎరుపు, కాషాయం, నీలం కండువాలు, తంగేడు, బంతి, ముదురు పట్టుచీరలు అన్నీ కలగలిసిన జనంలోంచి గుర్రం, దాని మీది పిల్ల ఒకే ఆకారంగా పైకి తేలి కనిపించారు. ఆయన మళ్లీ దగ్గరికి వచ్చి డప్పులవాళ్లకు చెయ్యి ఊపాడు.

అప్పుడే నలుగురు యువకులు పెద్ద పార్టీ జెండా పట్టుకుని వచ్చి బిజిలీ వీపు మీద కప్పబోయారు. ఇంకో గుంపు అది చూసి తమ జెండాతో పరిగెత్తుకొచ్చింది. తోపులాట మొదలైంది. లీల పగ్గం వదిలి అడ్డం పోదామనుకునేలోపు పైనుంచి సౌమ్య మాట వినిపించింది.

"దీని మీద ఎవరన్న జెండా ఏస్తె నేను దిగుత. ర్యాలీ గుర్రం లేకుంటనే పోతది."

గొంతు పెద్దగా లేదు కానీ వణకలేదు. బతుకమ్మలు ఎత్తుకున్న ఆడవాళ్లు ఆ యువకుల వైపు తిరిగి చూశారు. ఇద్దరు ముసలమ్మలు ముందుకు వచ్చి, "జరుగుండ్రి నాయినా, ఎండ ముదురుతున్నది" అన్నారు. యువకులు జెండాలు మళ్లీ కర్రలకు ఎత్తుకుని పక్కకు జరిగారు.

డప్పులు మోగాయి. ఏళ్ల తరబడి బరాత్‌లలో నడిచిన బిజిలీకి డప్పు అంటే భయం లేదు. దరువు అందుకోగానే ముందుకాళ్లు ఒకటొకటిగా ఎత్తి ఆడడం మొదలుపెట్టింది. సౌమ్య ముఖం తెల్లబోయింది.

"కాళ్లు రికాబుల గట్టిగ పెట్టు. పగ్గం వదులుగ పట్టు. అది ఆడుతది, నువ్వు కూసో" అంది లీల పక్కన నడుస్తూ. తహసీల్ చౌరస్తా చేరేసరికి సౌమ్య ఒక చేతిని గాలిలోకి ఎత్తి నినాదం ఇస్తోంది. వెనక వెయ్యి గొంతులు అందుకున్నాయి.

మరుసటి రోజు జిల్లా పేపర్‌లో ఫోటో వచ్చింది. నలుపు తెలుపు పేజీ. రంగురంగుల జెండాలన్నీ అందులో ఒకే బూడిద రంగుగా మారాయి. ముదురు గుర్రం, లేత బట్టల పిల్ల మాత్రం అచ్చు దిద్దినట్టు పడ్డారు. ఎల్లేశం ఆ ముక్క కత్తిరించి షెడ్డు గోడకు అంటించాడని తర్వాత తెలిసింది. ఆ నెలంతా లీలకు పిలుపులు వస్తూనే ఉన్నాయి. కొడిమ్యాలలో ర్యాలీ, రాయికల్‌లో బీడీ కార్మికుల ఊరేగింపు. అన్నిటికీ ఆ గుడ్డే ఉతికి కట్టింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది ఎండాకాలంలో రాయికల్ నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు వసంత. పెండ్లికూతురు తానే. బరాత్‌లో పిలగానితో పాటు తానూ ఇంకో గుర్రం ఎక్కుతానంది. దుబాయి నుంచి వచ్చిన పిలగాడు రంజిత్ ఒప్పుకున్నాడట. పెద్దవాళ్లే ఇంకా ఒప్పుకోలేదు.

"ఒప్పుకుంటరు తియ్యి. పెండ్లి చీర ఏ రంగు?" అని అడిగింది లీల.

నెమలికంఠం అని చెప్పింది వసంత. లీల లేచి పెట్టె తెరిచి, ఆ రంగుకు దగ్గరగా ఉన్న ముక్కలు మూడు తీసింది. రెండో గుర్రం నిజామాబాద్ నుంచి రావాలి. అది బూడిద రంగుదని విని, పొద్దు వాలకముందే ఆ ముక్కలు దాని ఒంటి మీద పరిచి కళ్లారా చూసి రావాలని ఆనంద్‌ను బండి తీయమంది.