రాకముందే చెప్పిన స్తోత్రం

మా అమ్మ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, నాకు యూనివర్సిటీలో సీటు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. అప్పటికి నేను అప్లికేషన్ పంపి వారం కూడా కాలేదు.

"నా బిడ్డకు హైదరాబాద్ల ఎమ్మెస్సీ సీటు దేవుడు ఇచ్చిండు. నేను నమ్ముతున్న. ప్రభువుకు స్తోత్రం," అంది. ఆడవాళ్ళ వైపు చాప మీద ఆమె పక్కనే కూర్చున్న నేను తల దించుకున్నాను. చుట్టూ అందరూ "స్తోత్రం" అన్నారు. నేను మాత్రం చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

మెదక్‌లో మాది పెద్ద చర్చి కాదు, దానికి దూరంగా సందులో ఉన్న రేకుల కప్పు చర్చి. మా వాళ్ళలో ఒక అలవాటుంది. అడిగింది ఇంకా చేతికి రాకముందే వచ్చేసిందని నమ్మి, నలుగురిలో లేచి కృతజ్ఞత చెబుతారు. జ్వరం కాస్తుండగానే తగ్గిందంటారు. అలా చెప్పడం గొప్ప విశ్వాసం. వినేవాళ్ళకు కూడా ఆ సంగతి తెలుసు. తెలిసినా, గేటు దాటేసరికి అది వచ్చిన సీటే అయిపోతుంది. ఆ రోజు ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు. "హాస్టల్ల ఉంటవా బిడ్డా? ఎప్పుడు పోతవ్?" అని గడ్డం పట్టుకుని అడుగుతుంటే, వెర్రి నవ్వొకటి నవ్వుతూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి అమ్మ మీద ఎగిరాను. "ఎందుకు జెప్పినవమ్మా? ఇంకా ఇంటర్వ్యూకే పిల్వలే!"

"విశ్వాసముంటె భయమెందుకే?" అంది, బియ్యం కడుగుతూనే.

గోడ అవతల నుంచి అంతా విన్న పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నీ తల్లి ఎప్పటిసంది గిట్ల తయారైందే?" అని కేకేసింది. నాకు నవ్వు రాలేదు.

అసలు ఆ అప్లికేషనే నన్ను సగం చంపింది. మార్కులు, సర్టిఫికెట్లు సరే. దాంతోపాటు ఒక పేజీ రాయమన్నారు. ఇప్పటిదాకా ఏం చదివావు, ఈ సబ్జెక్టే ఎందుకు, ముందు ముందు ఏం చేద్దామనుకుంటున్నావు. నా గురించి నేను చెప్పుకోవడం నాకు ఒక్క పద్ధతిలోనే తెలుసు, అది చర్చిలో చెప్పే సాక్ష్యం. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు నేనెంత చెడిపోయానో చెప్పాలి, తర్వాత ఎలా బాగుపడ్డానో చెప్పాలి, చివర మీ ప్రార్థనల్లో నన్ను జ్ఞాపకం చేసుకోండి అనాలి. చిన్నప్పటి నుంచి అవి వింటూ పెరిగాను తప్ప, ఒక్కసారి కూడా లేచి చెప్పినదాన్ని కాదు. లేవాలంటేనే భయం. అయినా కాగితం ముందు పెట్టుకుంటే నా చేతికి ఆ వరసే వచ్చింది. "నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ తప్పాను" అని మొదలుపెట్టాను.

డిగ్రీ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన మేడమ్ అది చదివి కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "ఏందమ్మా, సీటు అడుగుతున్నవా, పాపాలు ఒప్పుకుంటున్నవా? ఫస్ట్ లైన్లనే ఫెయిలైన అంటే ఎవరన్న పిలుస్తరా?"

మిగతాదంతా ఆమె చెప్పినట్టే మార్చాను. ఆ మొదటి వాక్యం మాత్రం తీయలేదు. ధైర్యం ఉండి కాదు. దాచిపెడితే మార్కుల మెమో చూసి పట్టేస్తారని, నలుగురి ముందు నిలబెట్టి కడిగేస్తారని భయం.

ఆ పేజీలో నేను భయపడకుండా రాసింది ఒక్కటే ఉంది. మా రేకుల మీద వాన పడితే ప్రసంగం చేసే పాస్టర్ అయ్యగారి నోరు కదలడం కనిపిస్తుంది గానీ వెనక కూర్చున్నవాళ్ళకు ఒక్క మాట అర్థం కాదు. అదే వానలో పాట అందుకుంటే చివరి చాప దాకా వినిపిస్తుంది. పెద్ద చర్చిలో వానతో పని లేదు, ఆ ఎత్తుకు ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు ఎంతోసేపు తిరుగుతుంది. అక్కడ కూడా గట్టిగా మాట్లాడితే ఒక మాట మీద ఇంకో మాట పడి గజిబిజి అవుతుంది, పాట మాత్రం ఇంకా బాగుంటుంది. పాట చేరిన చోటికి మాట ఎందుకు చేరదు? ఇది నాకు నిజంగా తెలుసుకోవాలని ఉండేది. ధ్వని గురించి చదవాలని ఉందని రాశాను.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. దాంతో నా పని ఇంకా కష్టమైంది. సంఘంలో ఒక అక్క కొత్త సూట్‌కేసు తెచ్చిచ్చింది. "నా పెళ్ళిల పెట్టింది, ఒక్కసారి గూడ వాడలే. హాస్టల్‌కు కొంటబో," అంది. వద్దనడానికి వీల్లేక తీసుకుని మంచం కిందకి తోశాను. ఊడ్చేటప్పుడు చీపురు దానికి తగిలినప్పుడల్లా ఇంకాస్త లోపలికి తోసేదాన్ని.

సీటు రాకపోతే నాకేం ఊడుతుంది? ఇంకో ఏడాది ట్యూషన్లు చెప్పుకుంటాను. నా భయం అది కాదు. మా వాళ్ళలో అడిగింది దొరక్కపోతే, పిల్ల సరిగా చదవలేదనరు, అడిగినామె విశ్వాసం చాలలేదంటారు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ప్రైవేటు స్కూల్లో ఆయాగా పనిచేస్తూ, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా నన్ను చదివించింది. ఆ చర్చిలో తలెత్తుకుని కూర్చోవడం తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. అది ఇప్పుడు నా ఇంటర్వ్యూ మీద పెట్టింది.

ఇంటర్వ్యూ రోజు తెల్లవారుజామునే లేచాను. వంటింట్లో అమ్మ ఉప్మా కలుపుతూ గొణుక్కుంటోంది. రోజూ చేసే ప్రార్థనే అనుకున్నాను. గుమ్మం దగ్గరికి వెళ్ళాక మాటలు వినిపించాయి. "తండ్రీ, నా మాట పోనియ్యకు. తొందరపడి అన్న. నా మాట పోనియ్యకు." గరిటె తిప్పడం ఎప్పుడో మానేసింది, ఉప్మా అడుగంటుతోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. అప్పటిదాకా భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. అమ్మ నిబ్బరంగా ఉంది కదా అని లోపల ఎక్కడో కాస్త ఆసరా ఉండేది. అదీ పోయింది.

ఆ మాడు ఉప్మానే ఇద్దరం బాగుందనుకుంటూ తిన్నాం. బస్సులో దారి పొడవునా నా పేజీని నేనే బట్టీ పట్టాను. నర్సాపూర్ అడవి ఎప్పుడు దాటామో తెలియదు.

గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్నాయన నా పేజీ తీసి, అందరూ గెలిచిన కథలు రాస్తే మీరు తప్పిన సంగతితో ఎందుకు మొదలుపెట్టారని ఇంగ్లీషులో అడిగాడు. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. మా చర్చిలో ఇలాగే మొదలుపెడతామండీ అన్నాను, తెలుగులోనే. ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు.

పక్కనున్న మేడమ్ రేకుల సంగతి చెప్పమంది. చెప్పాను. మాటలో ఒక శబ్దం వెంట ఇంకో శబ్దం త్వరగా మారిపోతుంది, పాటలో సాగుతుంది, అందుకే పాట నిలుస్తుందని నా ఊహ అన్నాను. ఆమె ముందుకు వంగింది. "మంచిది. దాన్ని ఎలా కొలుస్తారు?"

కొలవడం! అన్నేళ్ళు ఆ చాప మీద కూర్చుని విన్నాను, ఆశ్చర్యపోయాను. కొలవవచ్చని ఒక్కసారీ తట్టలేదు. ఫోన్‌లో రికార్డు చేస్తానన్నాను. తర్వాత? అంది. తర్వాత ఏమీ లేదు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

లిస్టు ఒక శనివారం వచ్చింది. ఫోన్‌లో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. అమ్మ నా వెనకే నిలబడి ఉంది. "మల్ల జూడు," అంది. మళ్ళీ చూశాను. "ఇంకొక్కసారి జూడు బిడ్డా." నా పేరు లేదు.

అమ్మ ఏడవలేదు. మర్నాటికని ఇస్త్రీ చేసి తలుపు మీద వేసుకున్న చీర తీసి, మడతపెట్టి, పెట్టెలో పెట్టేసింది. ఆదివారం పొద్దున లేవలేదు. "తలకాయ నొస్తుంది. నువ్ పో," అంది గోడ వైపు తిరిగి. జ్వరంతో కూడా ఆరాధన మానని మనిషి.

ఒక్కదాన్నే వెళ్ళాను. దారిలో వెనక్కి తిరిగి వచ్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. పాటలయ్యాక అయ్యగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు. లేచాను. ఎలా లేచానో ఇప్పటికీ తెలియదు.

"నాకు సీటు రాలే," అన్నాను. "లిస్టుల నా పేరు లేదు. మా అమ్మ నమ్మిన దాంట్ల తప్పు లేదు. వాళ్ళు అడిగింది నేనే చెప్పలేకపోయిన."

అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారిగా "స్తోత్రం!" అన్నారు.

అన్నాక అర్థమైంది వాళ్ళకు. చర్చి అంతా కుక్కిన పేనులా అయిపోయింది. సీటు రానందుకు నిండు సంఘం దేవునికి స్తోత్రం చెప్పింది! నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. సూట్‌కేసు ఇచ్చిన అక్క చెయ్యి పట్టి కిందికి లాగి కూర్చోబెట్టింది.

నేను భయపడ్డ మాట రాకుండా పోలేదు. గేటు దగ్గర ఒక సంఘపెద్ద, "మీ అమ్మను ప్రభువును ఇంకింత గట్టిగ పట్టుకోమను బిడ్డా, విశ్వాసం జర తక్కువైంది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా తల వంచుకుని వచ్చేశాను. ఆ మాట అమ్మకు చెప్పలేదు. నేను చెప్పకపోతే ఆమెకు చేరదా? తర్వాత చాలా వారాలు అమ్మ చర్చిలో గుమ్మం పక్కన చివరి చాప మీద కూర్చుంది. చివరి ప్రార్థన ముగియకముందే లేచి వచ్చేసేది.

ఆ ఏడాదంతా ట్యూషన్లు చెబుతూ, కొలవడం ఎలాగో చదివాను. మళ్ళీ అప్లై చేశాను, అమ్మకు చెప్పకుండా చేద్దామనుకున్నా గానీ ఫొటోలు దిగి వచ్చేసరికి పట్టేసింది. ఆ ఆదివారం సాక్ష్యాల వేళకు అమ్మ లేవబోతోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. కొంగు పట్టుకుని లాగాను, "వద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా," అని. నా చెయ్యి విడిపించుకుని లేచింది.

మా చర్చిలో లేచినవాళ్ళు ధైర్యంగానే మాట్లాడతారు. అమ్మ గొంతు లేవలేదు. ముందు చాపల మీది ఆడవాళ్ళు వినడానికి వెనక్కి తిరిగారు.

"నా బిడ్డ మల్ల రాసింది," అంది. "వస్తదో రాదో నాకు తెల్వది. నాకు మస్తు భయమైతుంది. మీరు గూడ జర ప్రార్థన చేయుండ్రి."