మురుకు ముక్క, అయిదు అంకెలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, ఆత్మకూరులో నాకు మొదటి ఉద్యోగం వచ్చేనాటికి నాకు తెలియని విషయం లోకంలో లేదు. మూడు నెలల ట్రైనింగు పూర్తి చేసినదాన్ని మరి! బుద్ధి ఎదగని పిల్లల ఇళ్లకు వెళ్లి చిన్న చిన్న పనులు నేర్పించడం నా పని. చెప్పిన పని పిల్ల చేస్తే వెంటనే చేతిలో ఏదైనా తినేది పెట్టాలి. అయిదు లెక్కపెట్టేలోగా తినకపోతే తిరిగి తీసేసుకొని, చార్టులో సున్నా వేయాలి. మూడు వారాలూ సున్నాలే అయితే 'శిక్షణకు పనికిరాదు' అని రాసి పేరు కొట్టేయాలి. ఈ రూలు మా సూపర్‌వైజరుది. మెడలో స్టాప్‌వాచీ వేసుకొని తిరిగేవాడు కాబట్టి వాచీ సారు అనేవాళ్లం. (ఆయన జన్మలో ఒక్క పిల్లకు ముక్కు తుడిచి ఎరగడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.)

సీతారామపురం దగ్గర పల్లెలో నాకు అప్పగించిన పిల్లకు ఎనిమిదేళ్లు. మాటలు రావు. అమ్మానాన్నలు పనులకు వలసపోతే అవ్వ దగ్గర ఉండేది. చెంబు తెమ్మంటే చక్కగా తెచ్చేది. నేను చేతిలో మురుకు ముక్క పెట్టగానే మాత్రం కళ్లు మూసుకొని, తల వంచుకొని నిలబడిపోయేది. నేను అయిదు లెక్కపెట్టి లాక్కునేదాన్ని. పిల్ల కళ్లు తెరిచి ఖాళీ చేతిని చూసుకునేది. మూడు వారాలూ ఇదే తంతు. (ఇంట్లోవాళ్లు దగ్గర ఉండకూడదని ఇంకో రూలు. అందుకని అవ్వను మేకల దగ్గరికి తరిమేదాన్ని.)

ఆఖరి రోజు అవ్వ మంచినీళ్లకని వచ్చి, గుమ్మంలోంచి అంతా చూసింది.

"ఏందమ్మాయ్ నువ్వు చేసేది? ప్రార్థన చేసుకుంటా ఉండే బిడ్డ చేతిలోది లాక్కుంటావా? ఇందుకేనా ఇంతదూరం బస్సెక్కి వచ్చినావు?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా నాయన చర్చిలో పెద్ద. ప్రార్థన లేకుండా మా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. హాస్టల్లో చేరాక మానేశాను, అంతే! అవ్వ నేర్పితే ఆ పిల్ల నేర్చుకున్నదాన్నే నేను మూడు వారాలు సున్నాలుగా రాశాను.

మర్నాడు వాచీ సారుకు చెప్పాను. "ప్రార్థనకి చార్టులో గడి లేదు. అయిదంటే అయిదే. పేరు కొట్టేయ్" అన్నాడు. మధ్యాహ్నం ఆయన క్యారియరు విప్పి, చేతిలో నీళ్లు పోసుకొని అన్నం చుట్టూ తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు. నేను అయిదు లెక్కపెట్టి క్యారియరు ఎత్తేశాను.

"ఏంది, పొగరుగా ఉండాదా?"

"రూలు సార్."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన గుర్రుగా చూసి, "పేరు ఉంచుకో పో. క్యారియరు ఇటియ్యి" అన్నాడు.

తర్వాతి వారం ఆ పిల్ల తీరిగ్గా ప్రార్థన ముగించుకొని మురుకు కరకరా నమిలింది. అవ్వ నాకూ పళ్లెంలో సంగటి పెట్టింది. ఆకలి మీద ఉన్నానేమో, గబుక్కున చేయి పెట్టబోయాను. పిల్ల నా మణికట్టు పట్టుకొని ఆపి, కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. ఇరవై రెండేళ్ల ఆ తెలివైనదానికి, అంటే నాకు, ప్రార్థనలో మొదటి మాట గుర్తు రావడానికి చాలాసేపే పట్టింది. పాపం, ఆ పిల్ల మాత్రం అయిదు లెక్కపెట్టి నా పళ్లెం లాక్కోలేదు.