నూనె పోసింది నేనే, కడిగిందీ నేనే

కర్నూల్లో మోటారు కార్ల ముచ్చట వస్తే ప్లీడరుగారి ఎర్ర కారు ముచ్చట రాక మానదు. అది చెప్పేవాళ్లు ఇంతవరకూ నన్ను ఒక్క మాట అడగలేదు. పైగా, “ఆముదం పోసి కారు చెడగొట్టిన జట్కాల మనిషి” అని నన్ను అందులో ఇరికిస్తారు. పోసింది నేనే. ఏనాడూ కాదనలేదు. ఆ తర్వాత జరిగినది మాత్రం ఎవరికీ గుర్తు లేదు. అందుకే రాస్తున్నాను.

నాది జట్కాలకు కమాన్లు కట్టే పని. ఇనుప పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి బిగిస్తే కమాను అవుతుంది. బండి కుదుపును అదే మింగుతుంది. ఊళ్లో నా చేయి పడని జట్కా లేదు గానీ, నేను మాత్రం అప్పటికి మోటారు కారు ఎక్కి ఎరుగను.

బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ప్లీడరుగారు ఆ కారు కొన్నారు. పందేలకు వాడే రకం. ఇద్దరికే చోటు, పైన కప్పు లేదు, నేలకు జానెడెత్తు. అప్పటికే పాతబడింది. ప్లీడరుగారు తానే నడిపేవారు. పక్క సీట్లో డ్రైవరు కూర్చుని హారన్ పిసికేవాడు.

ఒకరోజు ఆ డ్రైవరే కారును నా కొట్టు ముందు నిలిపాడు.

“ఏమప్పా, కింద ఏందో కీచుమంటాండాది. బజార్లో అందరూ నన్నే చూస్తాండారు. రోంత నూనె పొయ్యి.”

మా వైపు కిర్రుమనే బండి పరువు తక్కువ. ఇరుసుకు కందెన పెట్టకుండా బండి తోలితే, “ఎద్దులకు మేతన్నా ఏస్తాండావా?” అని దారినపోయేవాడు కూడా అడుగుతాడు. నేను వెంటనే కారు కింద దూరాను. ప్రతి కమాను పక్కనా అరచేయంత గుండ్రటి బిళ్లలు కనిపించాయి. ఇనుప బిళ్లల నడుమ కొయ్య బిళ్లలు పెట్టి మరమేకుతో బిగించారు. కీచు అక్కడిదే. నాలుగు చోట్లా బాగా నానేటట్టు ఆముదం పోశాను. కీచు ఆగిపోయింది. డ్రైవరు నా భుజం తట్టాడు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

మరునాటి నుంచి కారు మేకపిల్లలా గంతులేసింది. ఒక గుంతలో దిగితే పది గుంతలు దాటినట్టు ఊగేది. కోర్టు ముందర ప్లీడరుగారి తలపాగా ఎగిరి జామకాయల గంపలో పడింది. గంప యజమానురాలు దాన్ని దులిపి ఇస్తూ, “కారెక్కినారా సామీ, గుర్రమెక్కినారా?” అంది. కోర్టు కోర్టంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ప్లీడరుగారే.

ఆ నవ్వుతోనే నా కొట్టుకు వచ్చారు. “కమాన్లు ఇరిగినాయేమో చూడప్పా.”

సుత్తితో ఒక్కో పట్టీ తట్టి చూశాను. అన్నీ ఖంగుమన్నాయి. ఒక్కటీ విరగలేదు.

“ఈయప్పే ఆముదం పోసినాడు సార్. ఆ పొద్దు నుంచే ఇట్లుండాది,” అన్నాడు డ్రైవరు. పొయ్యమన్నది ఎవరో చెప్పలేదు.

ప్లీడరుగారు కోప్పడలేదు. “చెడగొట్టింది నువ్వే గదా, నువ్వే బాగు చెయ్యి. చేస్తివంటే నా పక్కన కూచోబెట్టుకుని కోట బురుజు చుట్టూ తిప్పుతా,” అన్నారు.

ఆ సీటు నాకు కావాలి. మూడు రోజులు వేరే పని ముట్టలేదు.

నాలుగో రోజు పొద్దున మా ఆవిడ తలకు నూనె పెట్టుకుని, అవే చేతులతో బావిలో నీళ్లు తోడబోయింది. తాడు సర్రున జారి చేద బావిలో పడింది. నేను చప్పట్లు కొట్టాను.

“చేద బాయిలో పడితే చప్పట్లు కొడతాండావా? నీకు బుద్ధుండాదా?”

“ఉండాది. ఇప్పుడే వచ్చె!”

ఆ బిళ్లలు తిరగడానికి పెట్టినవి కావు, పట్టుకోవడానికి పెట్టినవి. కమాను ఎగరబోతే రెండు అరచేతుల్లా అదిమిపెడతాయి. నూనె పోస్తే జారిపోతాయి, కమానును ఆపేవాడు ఉండడు. ఆ కీచు అవి పని చేస్తున్న చప్పుడు.

మా ఆవిడ కొట్టి నానబెట్టుకున్న కుంకుడుకాయల గిన్నె ఎత్తుకున్నాను.

“నా తలకు పెట్టుకున్యది యాడికి తీసుకపోతాండావు?”

“కారుకు తలంటాల.”

“సాంబ్రాణి పొగ గూడా ఎయ్యి, ల్యాకుంటే సలువ జేస్తాది!”

బిళ్లలన్నీ విప్పి మూడు సార్లు కుంకుడు రసంతో రుద్ది కడిగాను. కారుకు కాపలా ఉన్న డ్రైవరు నా మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తూ, “పూలు గూడా పెడతావా ఏమప్పా?” అన్నాడు. రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, మళ్లీ బిగించాను.

ఎలా కుదిరిందో చూడటానికి డ్రైవరు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. తుంగభద్ర వైపు బండ్ల బాట పట్టాం. మొదటి గుంత వచ్చింది. కారు దిగింది, లేచింది, అంతే. మళ్లీ ఎగరలేదు. కీచు మాత్రం హాయిగా వినిపించింది. ఇంకో గుంత చూసి పోనియ్యమన్నాను. ఇంకోటి. ఏట్లో బట్టలు ఉతికేవాళ్లు పని మానేసి చూశారు. నేను సీటులో లేచి నిలబడి వాళ్లకు చెయ్యి ఊపాను. డ్రైవరు కూడా పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు అబద్ధం కాదు, అంతవరకు ఒప్పుకుంటాను.

మరునాడు ఉతికిన చొక్కా వేసుకుని కొట్టు ముందు నిలబడ్డాను. కారు వచ్చింది. ప్లీడరుగారి పక్కన డ్రైవరే ఉన్నాడు.

“చూస్తివా అప్పా, మా డ్రైవరే కడిగి బాగు చేసినాడు!” అని ప్లీడరుగారు కేక వేశారు. నేను నోరు తెరిచేలోగా డ్రైవరు హారన్ పిసికాడు. కారు కీచుమంటూ బురుజు వైపు పోయింది. ఎంత బాగా పోయిందో! కోపంలో కూడా నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

ప్లీడరుగారు ఇప్పుడు లేరు. డ్రైవరు నంద్యాలలో కొడుకు దగ్గర ఉన్నాడు. మూడు కార్డులు రాశాను, జవాబు లేదు. కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. ఏమప్పా, మంచం మీద బీడీ కాలుస్తూ కూర్చున్నది ఎవరు? కుంకుడు రసంలో చేతులు నానబెట్టింది ఎవరు? ఈసారి హారన్ లేదు నీ చేతిలో. జవాబు రాయి.