మా అత్తమ్మ సెలవుల చాయ్

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. ఫోన్ చేసింది మామయ్య. మామూలుగా ఆయన ఫోన్‌లో అవతలి మనిషికి చెవుడు ఉన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. ఆరోజు మాత్రం మెల్లగా, "అయిపోయిందమ్మా. ఉరికొస్తవేమో, ఉరకకు. నిమ్మళంగ రా. ఇగ తొందరేం లేదు," అన్నాడు. నేనెక్కాల్సిన బస్సు నా ముందు నుంచే వెళ్లిపోయింది. నిజమే, ఇక తొందరేముంది అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

ఆమె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. కీసర దగ్గర ఒక పల్లె నుంచి పెళ్లయి నాచారం వచ్చింది. మామయ్య అక్కడే ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. రెండు గదులు, రేకుల వంటిల్లు, ముందు కాస్త వాకిలి. ఇంటి వెనక ఫ్యాక్టరీల గోడలు. చలికాలం పొద్దున ఆ వాడలో మంచు ఏదో, పొగ ఏదో తెలిసేది కాదు. రెండూ కలిసి ముక్కు దగ్గర ఒకటే ఘాటు. చిల్కానగర్ నుంచి మేము, అంబర్‌పేట్ నుంచి పెదనాన్న పిల్లలు, డిసెంబరులో బడికి సెలవులు ఇచ్చారంటే ఆ ఇంటికే చేరేవాళ్లం. అక్కడ ఆటస్థలం లేదు, చూడాల్సిన వింత ఏమీ లేదు. అత్తమ్మ చాయ్ ఉండేది, అంతే.

ఏడాదంతా ఆమె పెట్టేది మామూలు చాయే. మసాలా చాయ్ మాత్రం ఈ సెలవుల్లోనే. అల్లాన్ని ముందుగానే డాబా మీద ఎండబెట్టి శొంఠి చేసుకునేది. గాలికి ఫ్యాక్టరీల మసి వచ్చి పడుతుందని దాని మీద పాత వాయిల్ చీర కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టేది. పొద్దున్నే చిన్న రోట్లో మిరియాలు, శొంఠి, యాలకులు, లవంగాలు దంచే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. దుప్పటి కప్పుకునే వంటింటి గుమ్మం దాకా పోయి కూర్చునేవాళ్లం. ముందు నీళ్లు, అందులో దంచిన పొడి, కాస్త పచ్చి అల్లం, దాల్చినచెక్క. నీళ్లు బాగా మరిగి, వాటి రంగు మారేదాకా పాలగిన్నెను ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మేము తొందర పెడితే ఒక మాట అనేది: "పాలు వోసినంక అన్నిటిది ఒక్కటే రంగు. గందుకే ముందుగాలనే ఎవరి గుణం వాళ్లను సూపియ్యనియ్యాలె."

చాయ్‌పత్తీ, పాలు పడ్డాక నాలుగు పొంగులు రానిచ్చి, గిన్నె దించాకే బెల్లం వేసేది. పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయని ఆ జాగ్రత్త. పిల్లలందరికీ పోసి, మామయ్యకు పోసి, చివర గిన్నెలో మిగిలింది, మసాలా అంతా అడుగుకు దిగి ఘాటెక్కినది, తాను తాగేది. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని ముందు ముఖానికి ఆవిరి పట్టించుకునేది. అప్పుడు మాత్రం ఆమెను ఎవరు పిలిచినా పలికేది కాదు.

ఒక చలికాలం మామయ్య ఫ్యాక్టరీకి తాళం పడింది. కార్మికులు గేటు ముందు షామియానా వేసుకుని కూర్చున్నారు. మా సెలవులు అప్పుడే వచ్చాయి. ఈసారి పిల్లలను పంపొద్దనుకున్నాడు నాన్న. అత్తమ్మే మనిషిని పంపి పిలిపించింది. ఆ పొద్దున ఆమె పెద్ద గిన్నెతో చాయ్ కాచి, స్టీలు క్యాన్‌లో పోసి, నన్ను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. అందరికీ తానే పోసింది. వాళ్లలో ఒకాయన గ్లాసు అందుకోకుండా అడిగాడు.

"చాయ్ తాగితే గేటు తెరుస్తరా అక్కా?"

"తెరువరు," అంది అత్తమ్మ. "సలి అయితే పోతది గదా. పట్టుకో."

ఆయన పట్టుకున్నాడు. గేటు తెరవలేదు. ఆ చలికాలమే కాదు, ఎప్పటికీ తెరవలేదు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మామయ్య వాటికి దగ్గర్లోనే మరో గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాం వేసుకుని ఏళ్లపాటు కూర్చున్నాడు. అత్తమ్మ ఏనాడూ బాగవుతుందని ఎవరికీ మాట ఇవ్వగా నేను వినలేదు. బాగుకాదని తెలిసీ చేయాల్సింది చేసేది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఏమైనా ఉంటే అదే. అది నేర్చుకున్నందుకు సంతోషపడాలో లేదో నాకిప్పటికీ తెలియదు.

మేము పెద్దవాళ్లమయ్యాం. మా పిల్లలు ఆ గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. కోచింగులని, ఊళ్లకు పోవడమని కొందరు తగ్గారు. ఎంతమంది వచ్చినా ఆమె అదే పెద్ద గిన్నె పెట్టేది. మిగిలితే పక్కింటికి పంపేది.

గొంతులో ఏదో అడ్డుపడుతోందని ఆమె చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మిరియం ఘాటేమో అనుకుని తన గ్లాసులో మాత్రం పాలు ఎక్కువ పోసుకుందట. అన్నం మింగలేక మజ్జిగ మీద బతుకుతున్నప్పుడు వాళ్లబ్బాయి కనిపెట్టి దవాఖానాకు తీసుకుపోయాడు. అప్పటికి ఆ జబ్బు చాలా దూరం పాకింది. రేడియేషన్ కరెంటు పెట్టించారు, మందులు ఎక్కించారు. గొంతు లోపలంతా కాలిపోయినట్టయింది. నాలుకకు రుచి పోయింది. "ఏం వెట్టినా మట్టి తిన్నట్టే ఉన్నది," అనేది. తర్వాత ముక్కులోంచి గొట్టం వేశారు. మింగే పని కూడా లేకుండా పోయింది.

పోయిన డిసెంబరులో డాక్టర్లు ఇంకో విడత చికిత్స చేద్దామన్నారు. ఆమె వద్దంది. వాళ్లబ్బాయి ఎంత బతిమాలినా వినలేదు. "పిల్లలకు సెలవులొస్తున్నయ్. నన్ను ఇంటికి తోల్కపో," అని ఒకటే మాట. తీసుకొచ్చారు. మేమంతా పోయాం. ఎవరమూ పైకి అనలేదు కానీ అవి ఆఖరి సెలవులని అందరికీ తెలుసు.

ఆమె నిలబడలేదు. వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పొయ్యి దగ్గర నేను. గొంతు పెగలక ఒక్కొక్క మాటే బయటికి వచ్చేది.

"అల్లం?"

"వేసిన అత్తమ్మా."

"నీళ్ల రంగు మారిందా?"

"మారుతున్నది."

"అయితే ఆగు. ఇంక జరసేపు ఆగు."

ఆవిరి గుమ్మం దాకా వచ్చింది. దానికి ఆమెకు దగ్గు తెర పట్టుకుంది. ఎంతకీ ఆగలేదు. గొట్టం చుట్టూ అంటించిన ప్లాస్టర్ ఊడిపోయింది. కుర్చీని వెనక్కి జరిపాం. ఏళ్ల తరబడి ముఖానికి పట్టించుకున్న ఆవిరి అది. ఇప్పుడు దాన్నే తట్టుకోలేకపోయింది. దగ్గు తగ్గాక చేత్తో సైగ చేసింది, కానీయమని.

నేను గ్లాసుల్లో పోశాను. అందరం తాగి బాగుందన్నాం. అచ్చం నీ చాయ్ లెక్కనే ఉందని మా తమ్ముడన్నాడు. ఆమె ఎవరి మాటా పట్టించుకోకుండా మామయ్య వైపే చూస్తోంది. ఆయనకు అబద్ధమాడటం రాదు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇది గా చాయ్ కాదు," అన్నాడు.

"కాదు మరి," అంది అత్తమ్మ. "ఇగ గిదే తాగాలె. అలవాటు జేస్కో."

ఆయన ఆ గ్లాసు మళ్లీ ఎత్తి, మొత్తం తాగాడు. ఎవరి వైపూ చూడలేదు.

తన ఇంట్లోనే పోవాలన్నది ఆమె కోరిక. అంతకుమించి ఏదీ అడగలేదు. అదీ జరగలేదు. సెలవులు అయిపోకముందే ఒక పొద్దున ఊపిరి అందక గిలగిల్లాడింది. పెదవులు నల్లబడ్డాయి. వాళ్లబ్బాయి తట్టుకోలేక అంబులెన్సును పిలిచాడు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోతే ఆమె మంచం పట్టెను గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"ఎట్ల సూస్కుంట కూసోవాలె అమ్మా?" అని ఏడ్చాడు వాడు. "నువ్వే జెప్పు, ఎట్ల సూడాలె?"

ఆమె వాడి ముఖం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తనంతట తానే పట్టె వదిలేసింది. ఆమె కొడుక్కు ఇచ్చిన చివరిది అదేననుకుంటాను. వాడిని నేను తప్పుపట్టను. వాడి స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లు. కానీ ఆమె ఆ ఇంటికి మళ్లీ ప్రాణంతో రాలేదు. అద్దం తలుపు అవతల, మిషన్ల మధ్య, మాలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పోయింది. ఆ సమయంలో ఆమెకు తెలివి ఉందో లేదో మాకు ఎవరూ చెప్పలేకపోయారు.

కాలం గడిస్తే సర్దుకుంటుందని చుట్టాలంటున్నారు. నాకా నమ్మకం లేదు. అవే దినుసులు తెచ్చి మా ఇంట్లో కాచి చూశాను. చాయ్ బాగానే ఉంది. ఆమెది మాత్రం కాలేదు. మళ్లీ ప్రయత్నించలేదు. వచ్చే సెలవులకు పిల్లలు ఎక్కడికి పోదామని ఇప్పటినుంచే అడుగుతున్నారు. నాచారం పేరు ఎవరూ ఎత్తడం లేదు. వాళ్లకు కూడా తెలుసు, అక్కడికి పోవడమంటే ఇక ఒక వాడకు పోవడమే.

ఆమె నాకు ఏం చేసిందో చెప్పమంటే పెద్ద మాటలు రావు. చలికి వణుకుతూ వచ్చిన పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంది. ఫలితం లేని చోటికి కూడా క్యాన్ మోసుకుని నడిచి చూపించింది. ఆ రుణం సంగతి ఆమెకు చెప్పుకోవలసింది, ఆమె ఉండగా.

పెద్దకర్మ రోజు వచ్చినవాళ్లకు చాయ్ కావాల్సి వచ్చింది. ఆడవాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం గానీ ఎవరమూ వంటింట్లోకి కదల్లేదు. చివరికి ఎవరో వీధి చివరి హోటల్ నుంచి ఫ్లాస్కులో తెప్పించారు. అందరూ తాగి వెళ్లిపోయారు. సాయంత్రం గాలి లేచింది. ఖాళీ కాగితపు కప్పులు వాకిలంతా దొర్లుతున్నాయి. మామయ్య అరుగు దిగి, నడుం వంచి, వాటిని ఒక్కొక్కటే ఏరి ఒకదానిలో ఒకటి దూర్చుకుంటూ తిరిగాడు. దొంతర మోచేతి దాకా వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, లోపలికి పోక, బయటికి రాక, గుండెకు ఆనించుకుని వాకిలి మధ్యలో అలాగే నిలబడ్డాడు.