మూడో విడత సెలవు

ఆ పేటలో నీళ్ళు వదిలే మనిషిని అందరూ ‘నిదానం’ అనే పిలుస్తారు. వీధి మలుపులో ఇనుప మూత ఎత్తి, గుంటలోకి పొడవాటి తాళంచెవి దించి, వాల్వును పావు చుట్టు తిప్పి ఆగుతాడు. చెవొగ్గి వింటాడు. మళ్ళీ పావు చుట్టు. “ఏం బాబాయ్, నీళ్ళను నిద్ర లేపుతున్నావా, జోకొడుతున్నావా?” అని బకెట్లతో నిలబడ్డవాళ్ళు వేళాకోళమాడితే ఇంకో పావు చుట్టు తిప్పుతాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అతని మీద ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు.

యాభై రెండో ఏట, ఒక ఉదయం, తాళం పట్టుకున్న కుడిచేయి దానంతట అదే కొట్టుకోసాగింది. మూర్ఛ వచ్చి గుంట పక్కనే పడిపోయాడు. ఆసుపత్రిలో తీసిన స్కానింగులో మెదడు ఎడమవైపున నిమ్మకాయంత రక్తనాళాల చిక్కు బయటపడింది. పుట్టుకతో వచ్చినదేనన్నారు. పలచబడిన గోడల మధ్య రక్తం నదిలా పరుగెత్తుతోంది, ఎప్పుడైనా చిట్లవచ్చు.

“తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి, జిగురులాంటి మందుతో ఒక్కో దారీ మూసేస్తాం. మూడు విడతలు. మూడోది అయిన వారంలోనే తల తెరిచి మిగిలిన ఆ నాళాల చుట్ట తీసేస్తాం” అన్నది డాక్టరు.

“ఒకేసారి మూసి పంపించెయ్యండమ్మా” అన్నది అతని భార్య. “ఈయన్ని మూడుసార్లు మంచమెక్కించడం నా వల్ల కాదు. ఒక్క ఇంజెక్షన్‌కే ఈయన కేకలకి వార్డంతా లేచి కూర్చుంటుంది.”

“ఇంత పెద్ద చిక్కును ఒక్కరోజులో మూస్తే, అందులోకి పోయే రక్తమంతా పక్కనున్న మంచి నాళాల మీద పడుతుంది. ఆ తాకిడి వాటికి అలవాటు లేదు. అవే పగలొచ్చు.”

నిదానం తల ఊపాడు. “మీరు చెప్పినట్టే కానివ్వండి. నాకేం తొందర లేదు.”

రెండు విడతలు, నడుమ అయిదు వారాల ఎడంతో, సజావుగా జరిగాయి. చిక్కొచ్చింది మూడోదానికి. ఒక వ్యాధికి ఒకే విడత దీర్ఘ సెలవు అన్నది నీటి సరఫరా శాఖ నిబంధన. అది మొదటిసారే వాడుకున్నాడు. దాచుకున్న సెలవులు రెండోసారితో అయిపోయాయి. సెలవు లేకుండా వెళితే ఉద్యోగం వదిలినట్టే లెక్క. ఉద్యోగం పోతే ఆ ఆసుపత్రిలో చికిత్సకు శాఖ ఇచ్చిన అనుమతీ పోతుంది.

సెలవుల విభాగం గుమాస్తా దరఖాస్తు మీద ఇలా రాశాడు: “మూడింట రెండు వంతుల చికిత్స పూర్తయినందున వ్యాధి ఆ మేరకు తగ్గినట్టు భావించవచ్చును. తిరస్కరించడమైనది.” సగంలో వదిలేసిన చిక్కు చిట్లే ప్రమాదం తగ్గదని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం అదే ఫైలులో పదకొండో పేజీలో ఉంది. ఆ పేజీ తెరిచిన జాడ గుమాస్తా రాతలో ఎక్కడా లేదు.

అప్పీలు విన్నది ముగ్గురు సభ్యుల మండలి. అధ్యక్షుడు ఒకప్పుడు పైపులైన్ల ఇంజనీరు.

“మూడో విడత లేకపోతే ఏమవుతుంది?” అని అడిగాడు అధ్యక్షుడు.

“పగులుతుంది సార్. ఇవాళో రేపో చెప్పలేను.”

“పోనీ, మూడూ మొదట్లోనే ఒకే సెలవులో చేయించుకోవలసింది కదయ్యా.”

“అలా మూస్తే పక్కవి పగులుతాయి సార్.”

“నువ్వేమైనా డాక్టరువా, అంత ఖాయంగా చెప్పడానికి?”

“కాదు సార్. చేసినవాణ్ణి. పంతొమ్మిదేళ్ళ కిందట బజారు మలుపులో పెద్ద లైను పగిలింది, గుర్తుందా? పాత పైపని రాసిచ్చాను. పైపు పాతది కాదు. ఆరోజు ఆలస్యమైందని వాల్వు ఒక్క ఊపులో మూసేశాను. నీళ్ళ తాకిడంతా పక్కనున్న ఆ పెద్ద లైను మీద పడింది. నేనున్న చోటికి రెండు వీధుల అవతల, ఆ మలుపులో రోడ్డు లేచిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.”

బల్ల చివరన సెలవుల విభాగం గుమాస్తా ఆ మాటలన్నీ రాసుకుంటున్నాడు.

“ఎవరికైనా దెబ్బ తగిలిందా?” అన్నాడు అధ్యక్షుడు.

“లేదు సార్. అదృష్టం.”

నాలుగో రోజున కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. నిబంధన సడలించి మూడో విడత సెలవు మంజూరు చేస్తున్నట్టు ఒకటి. పంతొమ్మిదేళ్ళ నాటి తప్పుడు నివేదికపై సంజాయిషీ కోరుతూ రెండోది. రెండింటి కిందా ఒకే సంతకం, అధ్యక్షుడిది.

భార్య రెండూ చదివింది. “ఒకటేమో బతకమంటోంది. ఇంకోటేమో ఏం చేసి బతుకుతావో చూస్తానంటోంది. నిన్నెవరడిగారయ్యా ఆ పురాణం?”

“వాళ్ళే అడిగారు కదే, ఎలా తెలుసని.”

“ఇన్నేళ్ళు నాకు చెప్పలేదు.”

“నువ్వు అడగలేదు” అన్నాడు. ఆమె నవ్వలేదు, కవరు మడిచి ఆసుపత్రి సంచిలో పెట్టింది.

మూడో విడత, ఆపరేషన్, రెండూ ఆ వారంలోనే జరిగాయి. చుట్ట మొత్తం వచ్చేసిందని, లోపల ఏమీ మిగల్లేదని మరునాటి స్కానింగు చూసి డాక్టరు చెప్పింది. కుడిచేయి, కుడికాలు బలహీనపడ్డాయి, వ్యాయామంతో బలం చాలావరకు తిరిగి రావచ్చునన్నది, పూర్తిగా అని మాత్రం అనలేదు.

సంజాయిషీ గడువు ముగియడానికి రెండు రోజుల ముందు భార్య రాస్తుండగా అతడు చెప్పాడు. మొదటి వాక్యం, ఆరోపణ నిజమని. రెండోది, సంతకం ఎడమచేత్తో చేసినందుకు మన్నించమని. మూడోది, ఇంకా మెట్లెక్కలేడు గనుక విచారణ కార్యాలయం మూడో అంతస్తులో కాక కింది గదిలో పెట్టమని.

ఆ మూడో వాక్యం మీద ఉత్తర్వు ఇంకా రాలేదు. సెలవు నిబంధన మారలేదు.